మూసివేసిన దోషనివేదికపై ప్రతివాదం: ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ వైఫల్యాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ విఫలమైనప్పుడు వినియోగదారుడు తయారీదారుకు పంపిన దోషనివేదిక, సమస్య తీరకముందే మూతపడే సందర్భాలున్నాయి. మూసివేత ఒక నిర్ణయమే గాని నిరూపణ కాదని, ప్రతి మూసివేత వెనుక ఒక హేతువు ఉంటుందని, ఆ హేతువునే ఎదుర్కొనే సాక్ష్యం చూపినప్పుడు ప్రతివాదం బలపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 2018లో ఒక తెలుగు అక్షరసముదాయం వల్ల ఐఫోన్లలో బయటపడిన దోషం, అదే ఏడాది విండోస్ 10 అప్‌డేట్‌లో ఫైళ్లు తొలగిపోయిన ఉదంతం, 2024 జనవరి నాటి విండోస్ భద్రతా అప్‌డేట్ వైఫల్యం ఇందులో ప్రధాన ఆధారాలు. న్యాయదర్శనంలోని అన్వయవ్యతిరేకాలు, పంచావయవాలు ప్రతివాదరచనకు ఏ విధంగా ఉపకరిస్తాయో కూడా వివరిస్తుంది.

కీలకపదాలు: దోషనివేదిక, ఆపరేటింగ్ సిస్టమ్, అప్‌డేట్, ప్రతివాదం, అన్వయవ్యతిరేకాలు, పంచావయవాలు, పొందూరు ఖాదీ.

1. ఉపోద్ఘాతం

పరిశోధకుని సిద్ధాంతగ్రంథం, అధ్యాపకుని పాఠ్యప్రణాళిక, కళాశాల పరీక్షల మార్కుల పట్టికలు నేడు కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. అప్‌డేట్ విఫలమైతే యంత్రం తెరుచుకోకపోవచ్చు. పాత స్థితికి మళ్లవచ్చు. అరుదుగా ఫైళ్లే కనబడకుండా పోవచ్చు. అటువంటి స్థితిలో వినియోగదారుడు తయారీ సంస్థకు గాని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయితే దాని నిర్వాహకులకు గాని పంపే వివరణపత్రమే బగ్ రిపోర్టు. ఈ వ్యాసంలో దాన్ని దోషనివేదిక అని వ్యవహరిస్తున్నాం.

కొన్నాళ్లకు ఆ నివేదికకు ‘మూసివేయబడింది’ అనే ముద్ర పడుతుంది. సమస్య మాత్రం యంత్రంలో అలాగే ఉంటుంది. అప్పుడు సాధారణంగా కనబడే ప్రతిస్పందనలు రెండు: మౌనంగా ఊరుకోవడం, లేదా మొదటి ఫిర్యాదునే మరింత కోపంగా తిరిగి రాయడం. ఈ రెండింటివల్లా నిర్ణయం మారదు. పరీక్షకుడు సిద్ధాంతగ్రంథంపై ఆక్షేపణ తెలిపితే, అదే గ్రంథాన్ని మార్పులేకుండా మళ్లీ పంపడం సమాధానం కాదని పరిశోధకులకు తెలుసు. ఆక్షేపణలోని హేతువును గుర్తించి, దానికి తగిన ఆధారంతో బదులివ్వాలి. దోషనివేదికల విషయంలోనూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

2. దోషనివేదిక, మూసివేత: అర్థనిర్ణయం

దోషనివేదికల నిర్వహణకు బహుళప్రచారం పొందిన వ్యవస్థలలో బగ్జిల్లా ఒకటి. ఇది 1998లో మోజిల్లా ప్రాజెక్టులో భాగంగా వెలువడింది. ఇందులో నివేదికకు ‘స్థితి’, ‘పరిష్కారం’ అని రెండు వేరువేరు అంశాలుంటాయి. స్థితి అంటే నివేదిక తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా అన్న సమాచారం. పరిష్కారం అంటే మూయడానికి చెప్పిన హేతువు. సరిచేశాం, ఇది దోషం కాదు, సరిచేయబోం, ఇది మరో నివేదికకు నకలు, మా వద్ద సవ్యంగానే పనిచేస్తోంది అనేవి అందులో ముఖ్యమైనవి. ఈ అయిదింటిలో మొదటిది మాత్రమే దోషం తొలగిందని చెబుతుంది. మిగిలిన నాలుగూ దోషం తొలగకుండానే నివేదికను మూయడానికి వీలు కల్పిస్తాయి. కనుక ‘మూసివేయబడింది’ అన్న మాటను ‘తీరిపోయింది’ అని చదువుకోవడం పొరపాటు.

అన్ని వ్యవస్థలూ ఒకే తీరుగా ఉండవు. డెబియన్ వంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో నివేదిక, దానిపై చర్చ, మూసివేత కారణం బహిరంగంగా ఉంటాయి. నివేదించిన వ్యక్తి దాన్ని తిరిగి తెరవవచ్చు. ఆపిల్ ఫీడ్‌బ్యాక్ అసిస్టెంట్‌లో పంపినవారికి తమ నివేదిక మాత్రమే కనబడుతుంది. హేతువు స్పష్టంగా కనబడనిచోట ప్రతివాది మొదట చేయవలసిన పని, నివేదికను ఏ కారణంతో మూశారో లిఖితపూర్వకంగా అడగడం. హేతువు తెలియకుండా చేసే ప్రతివాదం గురి లేని బాణం.

3. లక్షణం, కారణం: పొందూరు నూలు చెప్పే సంగతి

అప్‌డేట్ వైఫల్యాన్ని వివరించేటప్పుడు లక్షణాన్నీ కారణాన్నీ వేరుచేయడం అవసరం. ఈ భేదం శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్నఖాదీ తయారీలో స్పష్టంగా కనబడుతుంది. అక్కడ పత్తిని చేతితో ఏరి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులుగా చుట్టి, ఆపైన రాట్నంపై వడుకుతారు. దారం తెగేది రాట్నం దగ్గర. కాని కారణం రాట్నంలోనే ఉండనవసరం లేదు. దువ్వడంలో మిగిలిపోయిన నలుసు కావచ్చు. ఏకు హెచ్చుతగ్గులుగా చుట్టుకుని ఉండవచ్చు. ‘రాట్నం బాగానే ఉంది’ అన్న సమాధానం నిజమే అయినా, దారం ఎందుకు తెగిందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కూడా ఇలాంటి దశల వరుసయే. అప్‌డేట్ దిగుమతి కావడం, దాని సంతకాన్ని సరిచూడడం, డిస్కులో ఖాళీని లెక్కించడం, కొత్త ఫైళ్లను సిద్ధపరచడం, యంత్రం పునఃప్రారంభం కావడం, పాత ఫైళ్ల స్థానంలో కొత్తవి చేరడం, వినియోగదారుని అమరికలు బదిలీ కావడం, మొదటిసారి తెరుచుకోవడం. తెరపై కనబడే సందేశం చాలావరకు ప్రక్రియ ఆగిన చోటును చెబుతుంది. చెడిన చోటును చెప్పకపోవచ్చు.

2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన కేబీ5034441 అనే అప్‌డేట్ ఇందుకు ప్రబల నిదర్శనం. విండోస్ పునరుద్ధరణ విభాగంలోని ఒక భద్రతాలోపాన్ని సవరించడం దాని లక్ష్యం. అనేక యంత్రాలలో అది 80070643 అనే దోషసంఖ్యతో ఆగిపోయింది. ఆ సంఖ్యకు ‘స్థాపనలో తీవ్రదోషం’ అన్నంతవరకే అర్థం. అసలు కారణం డిస్కులోని పునరుద్ధరణ విభాగంలో తగినంత ఖాళీ లేకపోవడం. దానికి 250 మెగాబైట్ల ఖాళీ కావలసి ఉంది. దోషసంఖ్యను చూపే భాగంలోనే లోపమున్నందువల్ల, ఖాళీ చాలలేదన్న సందేశానికి బదులు ఈ సాధారణ సందేశం వెలువడిందని మైక్రోసాఫ్ట్ స్వయంగా తెలిపింది. కేవలం సందేశాన్ని నమ్మి నివేదిక రాసినవారు గాని, సందేశాన్ని బట్టి నివేదికను మూసినవారు గాని ఇక్కడ కారణాన్ని చేరుకోలేరు.

4. మూసివేతకు హేతువులు, వాటికి ప్రతివాదాలు

4.1. ‘మా వద్ద సవ్యంగానే పనిచేస్తోంది’

పరీక్షించినవారి యంత్రంలో దోషం కనబడలేదన్నది ఈ హేతువు. తార్కికంగా ఇది సవ్యభిచారం. ఒక యంత్రంలో అప్‌డేట్ సఫలం కావడమన్నది దోషం లేనప్పుడూ జరుగుతుంది, దోషం ఉన్నప్పుడూ జరుగుతుంది; కనుక దోషాభావాన్ని అది సాధించలేదు.

2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1809 ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. ఈ అప్‌డేట్ తరువాత కొందరి డాక్యుమెంట్లు, చిత్రాలు తొలగిపోయాయి. కొద్దిరోజులకే మైక్రోసాఫ్ట్ విడుదలను నిలిపివేసి, నవంబరు 13న తిరిగి ప్రారంభించింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వినియోగదారుడు మరో డ్రైవ్‌కు మళ్లించి, కొన్ని ఫైళ్లను పాత ఫోల్డర్‌లోనే ఉంచిన యంత్రాలు ఇందుకు గురయ్యాయి. పాత ఫోల్డర్ ఖాళీదన్న భావనతో అప్‌డేట్ దాన్ని తొలగించింది. ఫోల్డర్లు మళ్లించని యంత్రంలో ఎన్నిసార్లు పరీక్షించినా ఈ దోషం కనబడదు. కాబట్టి ఈ హేతువుకు సరైన ప్రతివాదం ‘నా వద్ద జరిగింది’ అనడం కాదు. ‘ఈ షరతు ఉన్నప్పుడు జరుగుతుంది’ అని చూపడం.

ఈ ఉదంతంలో మరో పాఠం కూడా ఉంది. ఫైళ్లు పోయాయన్న నివేదికలు విడుదలకు ముందే పరీక్షకుల నుంచి ఫీడ్‌బ్యాక్ హబ్‌కు చేరాయి. వాటికి మద్దతు ఓట్లు కొద్దిగా ఉండడంతో అవి గమనానికి రాలేదు. విడుదల తరువాత దోషం నివేదించినవారు స్థాపనలలో పదివేలకు ఒకరు మాత్రమేనని సంస్థ ప్రకటించింది. సంఖ్య చిన్నది, నష్టం మాత్రం ఆ ఒక్కరికి పూర్ణనష్టం. అనంతరం ఫీడ్‌బ్యాక్ హబ్‌లో నష్టతీవ్రతను తెలిపే వీలు కల్పించారు. ఎందరికి జరిగింది, ఎంత నష్టం జరిగింది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ‘కొద్దిమందికే జరిగింది’ అన్న హేతువును తీవ్రతాసాక్ష్యంతో ఎదుర్కోవాలి.

4.2. ‘ఇది మరో నివేదికకు నకలు’

ఒకే దోషసంఖ్య కనబడినంత మాత్రాన రెండు నివేదికలూ ఒకే కారణానికి చెందవు. పైన చెప్పిన 80070643 సంఖ్య పునరుద్ధరణ విభాగపు అప్‌డేట్‌కు మాత్రమే పరిమితమైనది కాదు. డాట్‌నెట్ అప్‌డేట్ల వైఫల్యాలలోనూ ఆ సంఖ్యే కనబడిన సందర్భాలున్నాయి. నకలుగా మూసినప్పుడు మూలనివేదికను చదివి, అందులో సూచించిన పరిష్కారాన్ని అమలుచేసి చూడాలి. దోషం తొలగితే మూసివేత న్యాయమైనదే. తొలగకపోతే, ఆ వైఫల్యమే రెండు దోషాలూ వేరనడానికి తొలి సాక్ష్యం.

4.3. ‘సరిచేశాం’

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరసముదాయం తెరపైకి రాగానే ఐఫోన్లలో అప్లికేషన్లు కూలిపోయాయి. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ ముఖ్యతెరే మళ్లీమళ్లీ ఆగిపోయేది. ఆ సముదాయంలో జకారం, విరామచిహ్నం, ఞకారం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్యాక్షరం, ఆకారపు గుణింతపుగుర్తు వరుసగా ఉన్నాయి. ఈ అదృశ్యాక్షరం తెలుగు టైపింగులో వింతది కాదు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ‘ట్’, ‘వే’ కలిసిపోకుండా నిలిపేది అదే. అయితే హల్లుకూ గుణింతపుగుర్తుకూ నడుమ అది రావడం అసాధారణం. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దీన్ని సవరించింది.

పత్రికాశీర్షికలు దీన్ని ‘ఒక తెలుగు అక్షరం’ సమస్యగా పేర్కొన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మనీష్ గోరేగావ్‌కర్ అప్పట్లో ప్రచురించిన విశ్లేషణ వేరొక చిత్రాన్ని చూపింది. హల్లు, విరామం, మరో హల్లు, అదృశ్యాక్షరం, అచ్చుగుర్తు అనే నిర్మాణం కొన్ని నియమాలకు లోబడి తెలుగులోనే గాక దేవనాగరి, బెంగాలీ లిపులలోనూ అదే దోషాన్ని కలిగించేది. లోపం అక్షరానిది కాదు. అక్షరాలను తెరపై కూర్చే యంత్రాంగానిది. ‘సరిచేశాం’ అన్న హేతువును పరిశీలించేవారికి ఇది ముఖ్యమైన సూత్రాన్ని అందిస్తుంది: నివేదికలోని ఒక్క ఉదాహరణను గాక, ఆ ఉదాహరణ చెందిన జాతి మొత్తాన్ని పరీక్షించాలి. ఒక్క జ్ఞకారంతో పరీక్షించి తృప్తిపడితే మిగిలిన సంయుక్తాల సంగతి తేలదు. నివేదిక శీర్షికలో దోషాన్ని ఏ పేరుతో పిలుస్తామో, దాని సవరణ పరిధి కూడా ఆ పేరును బట్టే కుదించుకుపోయే ప్రమాదముంది.

4.4. ‘ఈ దోషం మాది కాదు’

ఈ హేతువు నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2024 జులై 19న ప్రపంచవ్యాప్తంగా విండోస్ యంత్రాలు నీలితెరతో ఆగిపోయినప్పుడు అనేకులు దాన్ని విండోస్ అప్‌డేట్ వైఫల్యంగానే భావించారు. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతాసంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల యంత్రాలు ప్రభావితమయ్యాయి. కాలం కలిసినంత మాత్రాన కారణం కలవదు; కాకతాళీయన్యాయం ఇక్కడ హెచ్చరికగా నిలుస్తుంది. బయటి డ్రైవర్లను, భద్రతా సాఫ్ట్‌వేర్‌ను తొలగించి పరీక్షించినా దోషం నిలిచి ఉన్నదని చూపగలిగినప్పుడే ఈ హేతువు వీగిపోతుంది.

4.5. ‘సరిచేయబోం’

ఇది మిగిలినవాటికంటె భిన్నమైనది. ఇక్కడ దోషమున్నదన్న విషయంలో వివాదం లేదు. దాన్ని ఎవరు భరించాలన్నదే వివాదం. కేబీ5034441 విషయంలో మైక్రోసాఫ్ట్ మొదట పరిష్కారానికి కృషి చేస్తున్నామని చెప్పి, 2024లోనే, భవిష్యత్ అప్‌డేట్‌లో స్వయంచాలక పరిష్కారం ఉండదని ప్రకటించింది. డిస్కు విభాగాలను వినియోగదారుడే ఆదేశాల ద్వారా మార్చుకోవలసి వచ్చింది. ఆ పనిలో ఒక్క అంకె తప్పినా డేటా మొత్తం పోయే అవకాశముంది. ఇలాంటిచోట లాగ్ ఫైళ్లను ఎన్ని జతపరచినా ప్రయోజనం స్వల్పం. సూచించిన ఉపాయం సామాన్య వినియోగదారునికి ఎందుకు సాధ్యం కాదో, అది ఏ కొత్త ప్రమాదాన్ని తెస్తుందో, అంతకంటె తక్కువ వ్యయంతో ఏమి చేయవచ్చో చూపడమే తగిన ప్రతివాదం. సందేశాన్నైనా సరిదిద్దమని కోరడం అటువంటి మధ్యేమార్గాలలో ఒకటి.

5. అన్వయవ్యతిరేకాలు: సాక్ష్యనిర్మాణం

కారణమున్నప్పుడు కార్యముండడం అన్వయం. కారణం లేనప్పుడు కార్యం లేకపోవడం వ్యతిరేకం. అప్‌డేట్ తరువాత దోషం కనబడిందనడం అన్వయం మాత్రమే. అప్‌డేట్‌ను తొలగించినప్పుడు దోషం పోయిందని, తిరిగి స్థాపించినప్పుడు మళ్లీ వచ్చిందని చూపితే వ్యతిరేకం కూడా సిద్ధిస్తుంది. చాలా నివేదికలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. మూసివేతకు అక్కడే అవకాశం కలుగుతుంది.

లినక్స్ కెర్నల్ నిర్మాతలు ఈ తర్కాన్నే యాంత్రికంగా అమలుచేస్తారు. అంతకుముందు పనిచేసినది కొత్త వెర్షన్‌లో పనిచేయకపోవడాన్ని తిరోగమనదోషంగా పరిగణించి, దాన్ని అనుమతించకూడదన్నది అక్కడి ప్రధాన నియమం. దోషానికి కారణమైన మార్పును పట్టుకోవడానికి గిట్ బైసెక్ట్ అనే సాధనముంది. మంచి వెర్షన్‌కూ చెడ్డ వెర్షన్‌కూ నడుమ ఉన్న మార్పులను సగానికి విభజించి పరీక్షిస్తూ పోతే, 1,024 మార్పులలో దోషకారకమైన ఒక్కదాన్ని 10 పరీక్షలతో గుర్తించవచ్చు. ‘ఎక్కడో చెడింది’ అన్న నివేదికకూ ‘ఈ మార్పుతో చెడింది’ అన్న నివేదికకూ ఉన్న అంతరం, ఊహకూ ప్రమాణానికీ ఉన్న అంతరమే.

విండోస్‌లో పాంథర్ ఫోల్డర్‌లోని స్థాపనా లాగ్‌లు, వాటిని చదివి వైఫల్యకారణాన్ని సూచించే సెటప్‌డయాగ్ సాధనం ఉపకరిస్తాయి. వాటిలో వినియోగదారుని పేరు, ఫైళ్ల పేర్లు ఉండవచ్చు. బహిరంగవేదికకు పంపేముందు వాటిని చెరిపివేయాలి. విలువైన ఫైళ్లున్న యంత్రంలో దోషాన్ని తిరిగి రప్పించే ప్రయత్నం చేయరాదు; ప్రతిని భద్రపరచి, వేరే డిస్కులోనో వర్చువల్ మెషీన్‌లోనో పరీక్షించాలి.

తెలుగు వినియోగదారులు అదనంగా కొన్ని వివరాలు చేర్చాలి. వ్యవస్థాభాష, ప్రాంతీయ అమరిక, కీబోర్డు, ఫాంటు, ఫోల్డర్ల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయా లేదా అనే విషయాలు నమోదు చేయాలి. భాషను ఆంగ్లానికి మార్చి మరోసారి పరీక్షిస్తే దోషానికి లిపితో సంబంధమున్నదో లేదో తేలుతుంది. తెలుగులో కనబడిన దోషసందేశపు చిత్రాన్ని మాత్రమే పంపితే పరీక్షకుడు దాన్ని వెతకలేడు. సందేశపాఠాన్ని, దోషసంఖ్యను, ఆంగ్లార్థాన్ని కలిపి ఇవ్వాలి.

6. ప్రతివాదరచన: పంచావయవ నమూనా

సేకరించిన సాక్ష్యాన్ని క్రమబద్ధంగా నివేదించడానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అవయవాలు తోడ్పడతాయి. ‘మా వద్ద సవ్యంగానే ఉంది’ అని మూసిన నివేదికకు ఒక ఊహాత్మక ప్రతివాదం ఇలా ఉండవచ్చు.

ప్రతిజ్ఞ: ఈ నివేదికలోని దోషం ప్రస్తుత వెర్షన్‌లో కూడా ఉంది; కనుక మూసివేతను పునఃపరిశీలించాలి.

హేతువు: ఫోల్డర్‌ను మరో డ్రైవ్‌కు మళ్లించి, పాత ఫోల్డర్‌లో ఫైలు ఉంచినప్పుడు మాత్రమే దోషం కనబడుతున్నది. మీ పరీక్షావివరాలలో ఈ షరతు లేదు.

ఉదాహరణ: కొత్తగా స్థాపించిన యంత్రంలో, వర్చువల్ మెషీన్‌లో ఈ షరతుతో మూడేసిసార్లు పరీక్షించగా అన్నిసార్లూ ఫైలు తొలగింది. షరతు లేకుండా అన్నేసిసార్లు పరీక్షించగా ఒక్కసారి కూడా తొలగలేదు. దశలు, లాగ్‌లు జతపరిచాం.

ఉపనయం: మొదటి నివేదికలోని యంత్రంలోనూ ఫోల్డర్ మళ్లింపు ఉన్నట్లు దాని అమరికల ద్వారా తెలుస్తున్నది.

నిగమనం: కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదు, పునరావృతమయ్యే దోషం. ఫైళ్లు శాశ్వతంగా పోతున్నందున తీవ్రతను పెంచి నివేదికను తిరిగి తెరవవలసిందిగా కోరుతున్నాం.

ఇందులో ఆగ్రహం లేదు. పూర్వపక్షాన్ని వక్రీకరించడం లేదు. మూసినవారి పరీక్షను నిజమని అంగీకరిస్తూనే, అది చేరని చోటును చూపడం దీని బలం. తప్పును ఒప్పుకొమ్మని అడగకుండా కొత్త ఆధారాన్ని చూడమని అడిగినప్పుడు నిర్ణయం మార్చుకోవడం ఎదుటివారికి సులభమవుతుంది.

7. ప్రతివాదానికి హద్దులు

ప్రతివాదహక్కు అనంతం కాదు. డెబియన్‌లో మూసిన నివేదిక 28 రోజులపాటు కదలిక లేకుంటే భాండాగారానికి చేరుతుంది, అవసరమైతే వెలికితీయవచ్చు. నివేదకునికీ నిర్వాహకునికీ ఏకాభిప్రాయం కుదరనప్పుడు సాంకేతిక సంఘం నిర్ణయాన్ని కోరే మార్గముంది. కొత్త ఆధారం లేకుండా పదేపదే తెరవడం వల్ల నివేదకుని విశ్వసనీయతే తగ్గుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వాహకులలో అనేకులు స్వచ్ఛందంగా పనిచేస్తున్నవారన్నది మరువరాదు. దోషం కొత్త వెర్షన్‌లో భిన్నరూపంలో కనబడితే, పాతదాన్ని తెరవడంకంటె దాన్ని ప్రస్తావిస్తూ కొత్త నివేదిక రాయడం మేలు. ‘నాకూ ఇదే సమస్య’ అన్న ఒక్క వాక్యం కంటె, మరో యంత్రం నుంచి ఒక్క భిన్నమైన ఆధారం విలువైనది.

8. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలివి. మూసివేతలోని స్థితినీ హేతువునూ వేరుచేసి చదవాలి. సందేశం చూపిన చోటునే కారణంగా భావించరాదు. వస్తువివాదానికి అన్వయవ్యతిరేక సాక్ష్యాన్ని, బాధ్యతావివాదానికి భారాన్నీ ప్రమాదాన్నీ తూచి చూపే వాదాన్ని వినియోగించాలి. ఉదాహరణ సరిపడినంత మాత్రాన జాతి మొత్తం సరిపడిందని అంగీకరించరాదు.

తెలుగువారి విషయంలో దీనికి మరింత ప్రాధాన్యముంది. 2018 నాటి దోషం వార్తలకెక్కింది గనుక రోజుల వ్యవధిలో సవరణకు నోచుకుంది. వార్తలకెక్కని లోపాలకు అంతటి ప్రచారబలం ఉండదు. వాటి పక్షాన నిలవగలిగేది పకడ్బందీగా రాసిన నివేదిక, మూతపడినప్పుడు హేతుబద్ధంగా రాసిన ప్రతివాదం. భాషాసాహిత్య విభాగాలలో లిపి, వర్ణక్రమం, సంయుక్తాక్షరాలు తెలిసినవారున్నారు. కంప్యూటర్ విభాగాలలో లాగ్‌లు చదవగలవారున్నారు. కళాశాలలలో ఈ ఇరుపక్షాలూ కలిసి దోషనివేదికలు రాయడాన్ని ఒక పరిశోధనాభ్యాసంగా చేపట్టవచ్చు.